25 ఓవర్ల మ్యాచ్‌లో అయిదో బౌలర్‌ను ఎప్పుడు దించాలి?

ప్రశ్న: ఆదివారం కెప్టెన్ (తిరుపతి)

మిత్రులందరికీ నమస్కారం. తిరుపతిలో ఆదివారాల్లో లెదర్ బంతితో మ్యాచ్‌లు ఆడే ఒక జట్టుకు ఈ సీజన్ నుంచి కెప్టెన్ బాధ్యతను నాకు అప్పగించారు. మా జట్టులో బ్యాంకు ఉద్యోగులున్నారు, దుకాణాలు నడుపుకునేవారున్నారు, కొండమీద రాత్రి డ్యూటీ ముగించుకొని నిద్ర లేకపోయినా కిట్ బ్యాగు తగిలించుకొని నేరుగా మైదానానికి వచ్చేవారున్నారు. వారంలో ఆ ఒక్క రోజు కోసం ఇంతమంది ఇంత ఇష్టంగా వస్తున్నప్పుడు, నేను తీసుకునే ప్రతి నిర్ణయానికీ అడిగితే చెప్పగలిగే కారణం ఒకటి ఉండాలని నా కోరిక. అందుకే ఈ ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను.

మేము ఆడేది 25 ఓవర్ల మ్యాచ్. పిచ్ మీద మ్యాట్ పరుస్తారు. ఒక్కో బౌలర్ గరిష్ఠంగా 5 ఓవర్లు వేయవచ్చు. మా దగ్గర నిజమైన వేగం ఉన్న బౌలర్ ఒక్కడే. అతనికి తోడుగా బంతిని కట్ చేయగల (పిచ్ మీద పడ్డాక పక్కకు మళ్లించగల) మీడియం పేసర్ ఒకరు, నిలకడగా ఒకే చోట వేయగల ఆఫ్ స్పిన్నర్ ఒకరు, పరవాలేదనిపించే మరో మీడియం పేసర్ ఉన్నారు. ఈ నలుగురితో 20 ఓవర్లు గడుస్తాయి. మిగిలిన 5 ఓవర్లను, అంటే అయిదో బౌలర్ వాటాను, అప్పుడప్పుడూ బౌలింగ్ చేసే ముగ్గురు బ్యాటర్లు పంచుకోవాలి. వాటిని వారిలో ఎవరితో వేయించాలన్న దానికంటే ఎప్పుడు వేయించాలన్నదే నాకు పెద్ద ప్రశ్నగా ఉంది.

దీని మీద జట్టులో రెండు అభిప్రాయాలున్నాయి. ఫాస్ట్ బౌలర్‌తో మొదట 2 ఓవర్లు మాత్రమే వేయించి, మిగిలిన మూడింటినీ చివరి వరకు దాచుకోవాలని సీనియర్లు అంటారు. ఆఖరి ఓవర్లలో అనుభవం లేని చేతికి బంతి ఇస్తే గెలిచే మ్యాచ్ కూడా చేజారుతుందని వారి భయం. మా వైస్ కెప్టెన్ మాత్రం కొత్త బంతి ఉన్నప్పుడే అతని 5 ఓవర్లనూ ఏకబిగిన వేయించాలని, వికెట్లు పడ్డాక మిగతావాళ్ల పని తేలికవుతుందని వాదిస్తాడు. రెండింటిలోనూ న్యాయం కనిపిస్తున్నది కాబట్టి, ఏ పరిస్థితిలో ఏది సరైనదో తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉంటే తెలుసుకోవాలని ఉంది.

ఇంకొక విషయం కూడా అడగాలి. ఒక ఫోర్ పోగానే అయిదారు దిక్కుల నుంచి ఒకేసారి సలహాలు వస్తాయి. అందరూ జట్టు మేలు కోరే చెబుతారు, కానీ అందరి మాటా వింటే ఫీల్డ్ ప్రతి బంతికీ మారిపోతుంది. దీన్ని మీ జట్లలో ఎలా సర్దుకుంటున్నారు?

---

జవాబు: పాత కీపర్ (చిత్తూరు)

నేను మీ వైస్ కెప్టెన్ పక్షాన రాస్తున్నాను. అయితే 5 ఓవర్లూ ఏకబిగిన వేయించాలన్న మాటతో నాకు ఏకీభావం లేదు. ఓవర్ల సంఖ్యను చూసి బౌలర్‌ను ఎంచుకోవడం మాని, క్రీజులో ఉన్న ఇద్దరు బ్యాటర్లను చూసి ఎంచుకోవాలన్నది నా వాదన.

మన స్థాయి జట్లలో మొదటి నలుగురు బ్యాటర్లకూ ఏడో స్థానంలో వచ్చేవాడికీ మధ్య నైపుణ్యంలో ఉండే తేడా చాలా ఎక్కువ. అంతర్జాతీయ జట్టులో ఎనిమిదో స్థానంలో వచ్చినవాడు కూడా అర్ధ సెంచరీ కొట్టగలడు. మన దగ్గర నాలుగు వికెట్లు పడితే చాలాసార్లు సగం మ్యాచ్ అయిపోయినట్టే. ఒక లెక్క వేసి చూడండి. ప్రత్యర్థి జట్టులో అందరికంటే మంచి బ్యాటర్ మూడో ఓవర్లో ఔటైతే, మిగిలిన 22 ఓవర్లలో అతను ఆడవలసిన బంతులన్నీ అతనికంటే తక్కువ సామర్థ్యం ఉన్నవారికి పోతాయి. అదే వికెట్ 23వ ఓవర్లో పడితే మనకు మిగిలే లాభం రెండు ఓవర్లే, పైగా అప్పటికి అతను కొట్టవలసిందంతా కొట్టేసి ఉంటాడు. అందువల్ల మీ ఉత్తమ బౌలర్ వేసే 30 బంతుల్లో వీలైనన్ని ఎక్కువ బంతులు వాళ్ల ఉత్తమ బ్యాటర్లు ఎదుర్కొనేలా చూడాలి. చివరికి దాచుకున్న ఓవర్లు పదో నంబరు బ్యాటర్‌కు వేయవలసి వస్తే, అతన్ని ఔట్ చేయడానికి మీ నాలుగో బౌలర్ సరిపోయేవాడు కదా.

ఇక అయిదో బౌలర్ సంగతి. అతన్ని దించడానికి నేను ఎదురుచూసే సమయం ఒక్కటే: నిలదొక్కుకున్న బ్యాటర్ ఔటై, కొత్తవాడు వచ్చి, రెండో వైపు ఉన్నవాడు కూడా స్వతహాగా దూకుడుగా ఆడనివాడైతే, ఆ మరుసటి ఓవర్‌నే అతనికి ఇస్తాను. చాలామంది కెప్టెన్లు వికెట్ పడగానే ఉత్సాహంతో ఉత్తమ బౌలర్‌ను పిలుస్తారు. కొత్త బ్యాటర్ ఎవరన్నది చూడకుండా అలా చేయడం సరికాదు. వచ్చినవాడు వాళ్ల జట్టులో ప్రధాన బ్యాటర్ అయితే ఉత్తమ బౌలర్‌ను తప్పకుండా పిలవండి. సాధారణ బ్యాటర్ అయితే మొదటి ఏడెనిమిది బంతులు అతను జాగ్రత్తగానే ఆడతాడు కాబట్టి, మీకు దాదాపు ఉచితంగా ఒక ఓవర్ గడిచిపోతుంది. ఇలాంటి అవకాశాలు సాధారణంగా 8వ ఓవర్‌కూ 17వ ఓవర్‌కూ మధ్య వస్తాయి. 18వ ఓవర్ మొదలయ్యేసరికి ఆ 5 ఓవర్లలో ఒకటికి మించి మిగలకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు.

మీ ఉత్తమ బౌలర్ ఎవరన్నదాన్ని కూడా మరొకసారి ఆలోచించండి. వేగంగా వేసేవాడే గొప్ప అని టర్ఫ్ వికెట్ల (మ్యాట్ లేని మట్టి పిచ్‌ల) ఆటను టీవీలో చూసి మనం అనుకుంటాం. మ్యాట్ మీద లెక్క వేరు. గరుకుగా ఉండే మ్యాట్ మీద పడీ పడీ కొత్త బంతి మెరుపు తొందరగా పోతుంది, కాబట్టి స్వింగ్ ఎక్కువసేపు ఉండదు. కానీ బంతికి మ్యాట్ పట్టు దొరుకుతుంది కాబట్టి కట్టర్లూ స్పిన్నూ చివరి వరకు పనిచేస్తాయి. 1956 అక్టోబరులో కరాచీలో మ్యాట్ మీద జరిగిన టెస్టులో పాకిస్తాన్ మీడియం పేసర్ ఫజల్ మహమూద్ ఆస్ట్రేలియా మీద తొలి ఇన్నింగ్స్‌లో 34 పరుగులకు 6, రెండో ఇన్నింగ్స్‌లో 80 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అతని ప్రధాన ఆయుధం లెగ్ కట్టర్. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 80 పరుగులకే కుప్పకూలినప్పుడు పది వికెట్లనూ అతనూ తోటి బౌలర్ ఖాన్ మహమ్మదూ ఇద్దరే పంచుకున్నారు. మీ జట్టులో బంతిని కట్ చేయగలవాడు ఉన్నాడని మీరే రాశారు. మ్యాట్ మీద అతనే మీ మొదటి బౌలర్ కావచ్చు. టాస్‌కు ముందు మ్యాట్ దగ్గరకు వెళ్లి, దాన్ని ఎంత బిగువుగా లాగి మేకులు కొట్టారో చేత్తో తట్టి చూడండి: బిగువుగా ఉంటే బంతి త్వరగా, ఎత్తుగా లేస్తుంది కాబట్టి మీ ఫాస్ట్ బౌలర్‌కు అనుకూలం, వదులుగా ఉంటే బంతి ఆగి వస్తుంది, అప్పుడు కట్టర్లు వేసేవాడికీ స్పిన్నర్‌కూ ప్రాధాన్యం ఇవ్వాలి.

సలహాల విషయానికి వస్తే, మైదానంలో కీపర్ మాట, ఆ సమయంలో బౌలింగ్ చేస్తున్నవాడి మాట తప్ప మిగతావన్నీ ఓవర్ ముగిశాకే వినాలని ముందే చెప్పేయండి. బంతి ఎంత ఎత్తుకు వస్తున్నదో, బ్యాటర్ కాళ్లు ఎటు కదులుతున్నాయో కీపర్‌కు కనిపించినంతగా మరెవరికీ కనిపించదు. మీరు మాత్రం బౌలర్‌కు దగ్గరగా మిడాఫ్‌లో గానీ మిడాన్‌లో గానీ నిలబడండి. బౌండరీ దగ్గర నిలబడిన కెప్టెన్ బౌలర్‌తో నెమ్మదిగా ఒక మాట చెప్పలేడు. అరవవలసి వస్తుంది, అరిస్తే బ్యాటర్‌కూ వినబడుతుంది.

---

జవాబు: పార్ట్‌టైమ్ లెగ్ స్పిన్నర్ (పీలేరు)

మీరు చర్చిస్తున్న ఆ అయిదో బౌలర్‌ను మా జట్టులో నేనే కాబట్టి, ఆ వైపు నుంచి కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ముందుగా, నాకు బంతి ఇవ్వబోతున్నట్టు రెండు ఓవర్ల ముందే చెప్పే కెప్టెన్ దగ్గర నేను ఒక రకంగా వేస్తాను, లాంగాన్ నుంచి హఠాత్తుగా పిలిచి బంతి చేతికిచ్చే కెప్టెన్ దగ్గర మరో రకంగా వేస్తాను. నెట్స్‌లో రోజూ వేసే అలవాటు లేని బౌలర్‌కు చెయ్యి వదులు కావడానికీ, మొదటి బంతి ఎక్కడ వేయాలో మనసులో అనుకోవడానికీ ఆ పది నిమిషాలు అవసరం. ముందుగా తెలిస్తే, ఫీల్డింగ్ చేస్తూనే పక్కవాడికి నాలుగు బంతులు విసిరి చూసుకుంటాను.

రెండోది ఫీల్డ్. పార్ట్‌టైమ్ బౌలర్‌కు ఫీల్డ్ పెట్టేటప్పుడు కెప్టెన్లు మంచి బంతులకు తగినట్టు పెడతారు. మేము వేసే చెడ్డ బంతులకు తగినట్టు పెట్టాలి. నా చెడ్డ బంతి పొట్టిగా పడి లెగ్ సైడుకు పోతుంది. కాబట్టి డీప్ మిడ్‌వికెట్, డీప్ స్క్వేర్ లెగ్ ముందే ఉండాలి. అయితే ఒక జాగ్రత్త అవసరం. బౌలర్ బంతి వదిలే క్షణంలో పాపింగ్ క్రీజుకు (బ్యాటర్ నిలబడే చోట వికెట్ల ముందున్న గీతకు) వెనుక లెగ్ సైడున ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉంటే అది నోబాల్. కీపర్‌ను ఈ లెక్కలో చేర్చరు. ఫైన్ లెగ్, షార్ట్ ఫైన్ లెగ్ ఇప్పటికే ఉన్నప్పుడు స్క్వేర్ లెగ్‌లో ఉన్నవాడు రెండడుగులు వెనక్కి జరిగినా నోబాల్ అవుతుంది. అంపైరింగ్ కూడా మనవాళ్లే చేసే మ్యాచ్‌లలో ఇది మామూలుగా చూసీచూడనట్టు వదిలేస్తారు, కానీ పోటీ బిగిసినప్పుడు అదే గొడవకు కారణమవుతుంది.

మూడోది నాకు ముఖ్యమైనది. మొదటి ఓవర్లో 10 పరుగులు ఇచ్చానని వెంటనే తీసేయకండి. పార్ట్‌టైమ్ బౌలర్ మొదటి ఓవర్ ఎప్పుడూ ఖరీదైనదే. రెండో ఓవర్‌కు చెయ్యి కుదురుతుంది. ఒక్కొక్క ఓవర్ చొప్పున ముగ్గురు పార్ట్‌టైమర్లను మారుస్తూ పోతే, ముగ్గురి మొదటి ఓవర్లకూ మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఒకరితో 3, మరొకరితో 2 వేయించడం మేలు. "నాకొక ఓవర్ ఇయ్యన్నా" అని ఆట మధ్యలో అడిగే తమ్ముళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. ఆ ఆదివారం ఎవరికి బంతి ఉంటుందో, ఎవరికి ఉండదో ముందు రోజు రాత్రే ఫోన్‌లో చెప్పేస్తే ఆట మధ్యలో మీకు ఆ మొహమాటం ఉండదు. బౌలింగ్ దొరకనివారికి బ్యాటింగ్‌లో మంచి స్థానం ఇస్తే, మ్యాచ్ ఫీజు కట్టి వచ్చినందుకు ఆడామన్న తృప్తి వాళ్లకు మిగులుతుంది. మన ఆటలో అది కూడా కెప్టెన్ చూసుకోవలసిన పనేనని నేను నమ్ముతాను.

---

జవాబు: స్కోరు పుస్తకం (తిరుపతి)

చాలాకాలంగా మ్యాచ్‌లకు స్కోరు రాస్తూ, అవసరమైనప్పుడు అంపైర్‌గా నిలబడుతూ ఉన్నాను. చిత్తూరు మిత్రుడు రాసినదానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తూనే, ఒకచోట గట్టిగా విభేదిస్తున్నాను. ఉత్తమ బౌలర్ ఓవర్లన్నీ ముందే అయిపోవడం సరైన పద్ధతి కాదు. కనీసం రెండు మిగుల్చుకోవాలి.

ఆ రెండు ఓవర్లు బంతి పడకముందే పనిచేయడం మొదలుపెడతాయి. ఛేజ్ చేస్తున్న జట్టు బ్యాటర్లకు మీ ఫాస్ట్ బౌలర్‌కు ఇంకా ఓవర్లు మిగిలి ఉన్నాయని తెలిస్తే, అవసరమైన పరుగులను అంతకు ముందే రాబట్టాలని తొందరపడతారు; అలా తొందరపడి మీ నాలుగో బౌలర్‌కు వికెట్ ఇచ్చేసి పోతారు. అతని కోటా అయిపోయిందని తెలిస్తే, ఓవర్‌కు 8 పరుగులు కావలసి ఉన్నా నింపాదిగా చివరి దాకా ఆగుతారు.

2013 జూన్ 23న ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగిన ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ ఇందుకు మంచి పాఠం. వర్షం వల్ల 20 ఓవర్లకు కుదించిన ఆ మ్యాచ్‌లో భారత్ 129 పరుగులే చేసింది. ఇంగ్లండ్‌కు చివరి 18 బంతుల్లో 28 పరుగులు కావలసి ఉండగా, అప్పటికి బాగా పరుగులిచ్చిన ఇషాంత్ శర్మకు ధోనీ 18వ ఓవర్ ఇచ్చాడు. ఒక సిక్స్ పోయింది, రెండు వైడ్లు కూడా పడ్డాయి. ఆ తరువాత మోర్గన్, బొపారా వరుస బంతుల్లో ఔటయ్యారు. 19వ ఓవర్ జడేజా, 20వ ఓవర్ అశ్విన్ వేశారు, భారత్ 5 పరుగుల తేడాతో గెలిచింది. బంతి తిరుగుతున్న పిచ్ మీద ఆ రోజు ఉత్తమ బౌలర్లు స్పిన్నర్లేనని కెప్టెన్ గుర్తించాడు, వారిద్దరినీ చివరి రెండు ఓవర్లకు మిగుల్చుకున్నాడు, ప్రమాదం ఎలాగూ తప్పనప్పుడు దాన్ని 20వ ఓవర్ నుంచి 18వ ఓవర్‌కు జరిపాడు. తరువాత సరిదిద్దుకోవడానికి ఇంకా ఓవర్లు మిగిలి ఉన్నప్పుడే బలహీనమైన ఓవర్ వేయించాలన్నది అందులోని ఆలోచన. ఈ ఒక్క అంశంలో చిత్తూరు మిత్రుడూ నేనూ చెబుతున్నది ఒకటేనని కూడా గమనించాలి.

అందుచేత నా లెక్క చివరి నుంచి మొదలవుతుంది. ఒకే బౌలర్ వరుసగా రెండు ఓవర్లు వేయకూడదు కాబట్టి, మీ ఉత్తమ బౌలర్ చివరి రెండు ఓవర్లు 23, 25 అయినా కావాలి, 22, 24 అయినా కావాలి. నేనైతే 22, 24 ఎంచుకుంటాను. మన మ్యాచ్‌లు ఎక్కువగా 25వ ఓవర్ దాకా ఆగకుండానే తేలిపోతాయి. తేలిపోయే మ్యాచ్‌లో 25వ ఓవర్ కోసం దాచుకున్నది వేయకుండానే మిగిలిపోతుంది. 23, 25 ఓవర్లు మీ రెండో మంచి బౌలర్‌కు ఉంచండి. ఈ నాలుగింటినీ ముందే కాగితం మీద రాసుకుంటే, మిగిలిన 21 ఓవర్లలో మీ చేతిలో ఏముందో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ప్రధాన బ్యాటర్ నిలదొక్కుకొని పదో ఓవర్‌కే మ్యాచ్‌ను లాక్కుపోతుంటే, దాచినదాన్ని అప్పుడే బయటికి తీయాలి, అందులో సందేహం లేదు.

రాత్రి డ్యూటీ చేసి వచ్చే ఆటగాళ్లున్నారని రాశారు కాబట్టి ఒక నియమాన్ని గుర్తు చేస్తాను. ఆట మొదలైన తరువాత మైదానంలోకి వచ్చిన ఫీల్డర్, తాను ఎంతసేపు లేడో అంతసేపు మైదానంలో గడిపిన తరువాతే బౌలింగ్ చేయాలి. ఈ గడువుకు గరిష్ఠ పరిమితి 90 నిమిషాలు. ఫాస్ట్ బౌలర్ అరగంట ఆలస్యమైతే, వచ్చిన తరువాత మరో అరగంట అతని చేతికి బంతి ఇవ్వలేరు. అంటే కొత్త బంతి అతనికి దక్కదు. ఈ నియమాన్ని రెండు జట్లూ పట్టించుకునే పోటీ అయితే, టాస్ గెలిచినప్పుడు ముందు బ్యాటింగ్ తీసుకోవడానికి అదొక్కటే చాలిన కారణం అవుతుంది.

చివరగా, ఎవరూ మాట్లాడని విషయం ఒకటి ఉంది: ఎవరు ఏ ఎండ్ (పిచ్ చివర) నుంచి వేయాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. 1981 జూలైలో హెడింగ్లీ టెస్టు చివరి రోజున ఆస్ట్రేలియాకు 130 పరుగులే కావలసి ఉన్నప్పుడు, బాబ్ విల్లిస్‌ను కెప్టెన్ మైక్ బ్రియర్లీ వాలు అనుకూలంగా ఉన్న కిర్క్‌స్టాల్ లేన్ ఎండ్‌కు మార్చాడు. విల్లిస్ 43 పరుగులకు 8 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 18 పరుగులతో గెలిచింది. మన తిరుపతిలో పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా పరిచిన మైదానంలో, శేషాచలం కొండలు ఉత్తరపు ఎండ్ వెనుక ఉంటాయి. డిసెంబరు సాయంత్రాల్లో ఎండ పడమటి నుంచి ఏటవాలుగా కళ్లలో పడుతుంది. కుడిచేతి బ్యాటర్ స్పిన్నర్‌ను మిడ్‌వికెట్ మీదుగా లేపికొట్టినప్పుడు, తూర్పు బౌండరీ దగ్గర ఉన్న ఫీల్డర్‌కు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పడమటి బౌండరీ దగ్గర ఉన్నవాడికి వీపు వెనుక ఉంటాడు. కాబట్టి సాయంత్రం స్పిన్నర్‌ను కొండల వైపు ఎండ్ నుంచి వేయించండి. అప్పుడు కుడిచేతి బ్యాటర్ లెగ్ సైడ్ పడమటి వైపు అవుతుంది. మన మ్యాచ్‌లలో జారిపోయే క్యాచ్‌లలో చాలావాటికి ఫీల్డర్ చేతులకంటే అతన్ని నిలబెట్టిన చోటే కారణమని నా అభిప్రాయం.

---

ఆదివారం కెప్టెన్ (తిరుపతి)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక, మా కట్టర్ల బౌలర్ గురించి నేను కొత్తగా ఆలోచిస్తున్నాను. పీలేరు అన్నగారు చెప్పినట్టు శనివారం రాత్రే అందరికీ వారి పని ఏమిటో తెలియజేస్తాను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు చిత్తూరు నుంచి వచ్చే ఒక జట్టుతో తిరుపతిలోనే మా మ్యాచ్ ఉంది. వారి ఓపెనర్లలో ఒకరు ఎడమచేతి బ్యాటర్. ఫాస్ట్ బౌలింగ్‌ను చాలా బాగా ఆడతాడు, వేగాన్ని వాడుకొని థర్డ్‌మ్యాన్ వైపు, ఫైన్ లెగ్ వైపు పరుగులు రాబడతాడు. వారి బ్యాటింగ్‌లో సగం బలం అతనే. అతని మీదకు మొదట ఎవరిని దించాలి? టాస్ గెలిస్తే ఏం చేయాలి? ఈ రెండింటి మీద కూడా మీ అభిప్రాయం చెప్పగలరు.

---

జవాబు: పాత కీపర్ (చిత్తూరు)

దాచిన రెండు ఓవర్లు బ్యాటర్లను తొందరపెడతాయన్న స్కోరు పుస్తకం గారి వాదన నాకు నచ్చింది. రెండోసారి ఫీల్డింగ్ చేస్తూ మన స్కోరును కాపాడుకునేటప్పుడు ఉత్తమ బౌలర్ ఓవర్లను ముందు 3, చివర 2గా విభజించడానికి నేను అంగీకరిస్తాను; ముందు ఫీల్డింగ్ చేస్తున్నప్పుడు మాత్రం ప్రత్యర్థిని తొందరపెట్టే లక్ష్యం ఏదీ ఉండదు కాబట్టి, నా పాత మాటకే కట్టుబడి ఉంటాను.

వారి ఎడమచేతి ఓపెనర్‌కు మీ ఆఫ్ స్పిన్నర్‌తోనే కొత్త బంతి వేయించండి. 1992 ప్రపంచకప్‌లో ఆక్లాండ్‌లో ఆస్ట్రేలియా మీద న్యూజీలాండ్ కెప్టెన్ మార్టిన్ క్రో ఆఫ్ స్పిన్నర్ దీపక్ పటేల్‌కు కొత్త బంతి ఇచ్చి అందరినీ ఆశ్చర్యపరిచాడు. వేగాన్ని ఉపయోగించుకొని ఆడే ఓపెనర్లకు ఆ వేగమే అందకుండా చేయడం అందులోని కీలకం. వారి ఓపెనర్ గురించి మీరు రాసిన వర్ణన సరిగ్గా అలాంటిదే. పైగా ఆఫ్ స్పిన్ ఎడమచేతి బ్యాటర్‌కు బయటికి తిరుగుతుంది, మ్యాట్ పట్టు దానికి తోడవుతుంది. స్లిప్ ఒకరు, కవర్ పాయింట్ ఒకరు తప్పకుండా ఉండాలి. రెండో వైపు నుంచి కట్టర్ల బౌలర్ వేయాలి. ఫాస్ట్ బౌలర్‌ను ఆ బ్యాటర్ ఔటయ్యాకో, ఆరో ఓవర్ తరువాతో తీసుకురండి. ఇదే మ్యాచ్ ఉదయం ఏడున్నరకు మొదలయ్యేదైతే ఈ సలహా ఇచ్చేవాడిని కాను. డిసెంబరు ఉదయాల్లో గడ్డి మీద మంచు ఉంటుంది, తడిసిన బంతిని స్పిన్నర్ పట్టుకోలేడు.

టాస్ గెలిస్తే ముందు బ్యాటింగ్ చేయండి. ఒంటిగంటకు మొదలైతే రెండో ఇన్నింగ్స్ ముగిసేసరికి అయిదు దాటుతుంది, వెలుగు తగ్గేటప్పుడు మీ ఫాస్ట్ బౌలర్‌ను వాళ్లు ఎదుర్కోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం మొదలయ్యే మ్యాచ్ అయితే నా సలహా దీనికి వ్యతిరేకంగా ఉండేది: పదిన్నర తరువాత ఎండలో పదకొండుమందిని నిలబెట్టడం కంటే, ఇద్దరే నిలబడే బ్యాటింగ్‌ను ఆ సమయానికి ఉంచుకోవడం నయం.

---

జవాబు: స్కోరు పుస్తకం (తిరుపతి)

ముందు బ్యాటింగ్ చేయాలన్నదానికీ, స్పిన్నర్‌తో మొదలుపెట్టాలన్నదానికీ నా సమ్మతి ఉంది. అయితే ఎండ్‌ల గురించి నేను పైన రాసిన లెక్క ఎడమచేతి బ్యాటర్ దగ్గర తిరగబడుతుందని గమనించగలరు. కొండల వైపు నుంచి వేస్తే అతని లెగ్ సైడ్ తూర్పు వైపు అవుతుంది, అంటే అతను లేపికొట్టిన బంతిని ఫీల్డర్ సూర్యుడికి ఎదురుగా నిలబడి పట్టుకోవాలి. మీరు రెండో ఇన్నింగ్స్‌లో ఫీల్డింగ్ చేస్తే అది మూడుంపావుకు మొదలవుతుంది కాబట్టి మొదటి ఓవర్ల నుంచే ఈ ఇబ్బంది ఉంటుంది.

అందువల్ల ఆ ఓపెనర్ క్రీజులో ఉన్నంతవరకు ఆఫ్ స్పిన్నర్‌ను దక్షిణం ఎండ్ నుంచి వేయించి, అతను ఔటయ్యాక కొండల వైపు ఎండ్‌కు మార్చండి. వరుసగా రెండు ఓవర్లు పడకుండా చూసుకుంటే, ఒక బౌలర్ ఎన్నిసార్లయినా ఎండ్ మారవచ్చు. మారడానికి మధ్యలో ఒక ఓవర్ మరొకరితో వేయించవలసి వస్తుంది. పీలేరు మిత్రుడు చెప్పినట్టు ఆ ఓవర్ ఎవరిదో అతనికి రెండు ఓవర్ల ముందే చెప్పి ఉంచండి. ఎడమచేతి బ్యాటర్‌తో పాటు కుడిచేతి బ్యాటర్ ఉండి, సింగిల్స్ తీస్తూ ప్రతి బంతికీ మారుతుంటే, ఎండ్ గురించి ఆలోచించకుండా, తూర్పు బౌండరీ దగ్గర మీ జట్టులో అందరికంటే నమ్మకమైన క్యాచర్‌ను టోపీతో నిలబెట్టండి.